ఏ నంబరుకి చెయ్యాలి?

గంజాయి గురించి తెలిస్తే 1972కి ఫోన్ చెయ్యమని ఆంధ్రలో ఈగల్ వాళ్లు చెబుతున్నారు. అమ్మేవాడి సంగతైతే సరే, చేస్తాం. తాగేది మన పిల్లాడే అయితే? ఏ తల్లి చేస్తుందండీ పోలీసులకి! సొంత అక్కకి కూడా చెప్పుకోదు.

నిజానికి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటు పడ్డవాడి మీద కేసు తాగినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో అయితే, తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వెళ్తే శిక్ష నుంచి రక్షణ. మధ్యలో మానేస్తే మాత్రం అది పోవచ్చు. అలవాటు మాన్పించే సలహాకి వేరే నంబరు, 14446.

2021లో ఆపరేషన్ పరివర్తన అప్పుడు ఏజెన్సీలో తోటలు నరికిన ఫొటోలు పేపర్లో ఎంత పెద్దగా వేశారో! ఈ రెండూ అంత పెద్దగా వెయ్యాలి. కాలేజీ ఫీజు రసీదు వెనకాల అచ్చు వేసినా సరే. దాన్ని బీరువాలో దాచేది మేమే కదా.