ఆట ముందా, సరంజామా ముందా?

'ఆడలేక మద్దెల ఓడు' అన్నారు మన పెద్దలు. ఆట రానివాడు తప్పును పనిముట్టు మీదికి తోస్తాడని దాని భావం. ఈ కాలపు విద్యార్థులం ఆ సామెతను తిరగేశాం. ఆట వచ్చినా రాకున్నా మద్దెల మాత్రం కొత్తది కావాలి, పేరున్నది కావాలి, పక్కవాడి దానికంటే ఒక వంద ఎక్కువ పెట్టి కొన్నదై ఉండాలి! ఇది ఒకరిద్దరి సంగతి కాదు. మన తరానికి పట్టిన జ్వరం. ఈ సంచికలో కవితలు, కథలు రాసే మిత్రులు చాలామంది ఉన్నారు కనుక నేను ఈ జ్వరం గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాను.

ఆదివారం పొద్దున హనుమకొండలో ఏ మైదానానికి పోయినా ఒక దృశ్యం కనబడుతుంది. చక్రాల సంచులు, మెరిసే ప్యాడ్లు, రంగురంగుల గ్లోవ్స్, నల్లటి కళ్ళద్దాలు. పిల్లలు ఆటకు వచ్చారో అంగడి పెట్టడానికి వచ్చారో తెలియదు. కొత్త బ్యాటు కనబడగానే మొదటి ప్రశ్న "ఎంతకు తెచ్చినవ్ రా?" అని. రెండో ప్రశ్న "ఏ కంపెనీ?" అని. "బాల్ ఎట్ల పోతుంది?" అని అడిగేవాడు వందకు ఒకడు దొరికితే అదృష్టమే.

ఆ బ్యాటు సంగతే కొంచెం చూద్దాం. మన మార్కెట్లో తక్కువ ధరకు దొరికే బ్యాట్లలో చాలావరకు కాశ్మీర్ విల్లో కర్రతో చేసినవి. అనంతనాగ్ జిల్లాలో బిజ్‌బెహారా, సంగం ప్రాంతాలలో రోడ్డు పొడుగునా ఈ కర్రను చీల్చి ఆరబెట్టే కార్ఖానాలు ఉన్నాయి. ఖరీదైన బ్యాట్లకు ఇంగ్లండు నుంచి విల్లో దిమ్మెలు వస్తాయి. వాటిని మీరట్, జలంధర్ పనివాళ్ళు చెక్కుతారు. 1947లో దేశ విభజన జరిగినప్పుడు సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన చేతిపనివాళ్ళే ఆ రెండు ఊళ్ళలో ఈ పరిశ్రమను నిలబెట్టారు. కర్ర ఎంత బాగా ఆరింది, పేళ్ళ గీతలు తిన్నగా ఉన్నాయా, బరువు చేతికి నప్పుతుందా, బంతి తగిలినప్పుడు పిడికి జలదరింపు రాని చోటు ఎక్కడుంది అనేవి చూడవలసిన విషయాలు. మరి మనం చూసేది? స్టిక్కరు. ఆ స్టిక్కరు కింద ఏ కర్ర ఉందో, ఎవరి చేయి ఉందో అడగం. కొన్న తర్వాత దానికి అవిసె నూనె పట్టించాలని, పాత బంతితోనో కొయ్య సుత్తితోనో కొన్ని గంటలు తట్టి కర్రను గట్టిపరచాలని కూడా చాలామందికి తెలియదు. నెల తిరగకుండా అంచు చిట్లుతుంది. చిట్లితే కంపెనీని తిట్టి ఇంకొకటి కొనడమే.

ఇక ధర సంగతి. ఇంగ్లీష్ విల్లో బ్యాటు ఓ మోస్తరుది కావాలన్నా ఏడెనిమిది వేలు పెట్టాలి. నేను పత్తి పండించే ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. సైన్సు విద్యార్థిని కూడా కాబట్టి ఒక చిన్న లెక్క చేశాను. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక బ్యాటు ఒక క్వింటాలు పత్తి. ఒక పత్తి కాయలో వచ్చేది నాలుగైదు గ్రాములు. ఆ లెక్కన క్వింటాలుకు 20 వేల కాయలకు తక్కువ కావు. అవి యంత్రం ఏరినవి కావు. నడుముకు ఒడి కట్టుకొని, కాయ అంచులు వేళ్ళకు గుచ్చుకుంటుంటే, మా అమ్మలాంటి వాళ్ళు ఒక్కొక్కటిగా ఏరినవి. అదైనా మద్దతు ధర చేతికి వచ్చినప్పటి లెక్క. తేమ ఉందని, రంగు మారిందని ఎనుమాముల మార్కెట్లో తగ్గించి కొన్నప్పుడు ఆ బ్యాటు ఇంకా బరువెక్కుతుంది. తండ్రి ఫీజుకని పంపిన పైసల నుంచి తీసి స్టిక్కరు కొనే మిత్రుడు ఈ 20 వేల కాయలను ఒక్కసారి కండ్ల ముందర పెట్టుకోవాలె.

అయితే ఏమంటావ్, అందరం మళ్ళీ మొద్దు కర్రతో ఆడాలా అని మీరు అడగవచ్చు. నేను అట్లా అనడం లేదు. సరంజామా మూడు రకాలు. ఒళ్ళు కాపాడేది ఒకటి, పనికి ఉపకరించేది రెండవది, పదిమందికి చూపించుకునేది మూడవది. మొదటి దాంట్లో బేరం ఉండకూడదు. క్రికెట్ బంతి బరువు 155.9 గ్రాముల నుంచి 163 గ్రాముల వరకు ఉంటుంది. భారత్ తరఫున ఆడిన రామన్ లాంబా 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా నిలబడి, తలకు బంతి తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. అలాగే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన నిజామాబాద్ జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణను చూడండి. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్‌కుమార్ ఆమెతో పాటు శిఖరం చేరాడు. ఆ మంచులో తగిన బూట్లు, ఆక్సిజన్ సిలిండరు, తాడు లేకుంటే ధైర్యం ఒక్కటే బతికించదు. కాని ఆ వస్తువులు వాళ్ళ తల్లిదండ్రులు కొనిపెట్టినవి కావు. సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ వెనుక నిలబడింది. పైగా ఆ వస్తువుల కంటే ముందు భువనగిరి గుట్ట మీద సాధన ఉంది. మనం హైదరాబాదు పోయేటప్పుడు రైలు కిటికీలో నుంచి చూసే గుట్టే అది!

మంచు మాట వచ్చింది కనుక జపాన్ దేశం సంగతి చెప్పుకోవాలి. సరంజామా పిచ్చికి పేరుపడ్డ దేశం అది. స్నోబోర్డు అంటే రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకొని మంచు వాలు మీద జారే ఆట. 1998లో జపాన్‌లోని నగానో నగరంలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లోనే ఇది మొదటిసారి ఒలింపిక్ క్రీడ అయింది. టోక్యోలో కాండా ప్రాంతం మన కోఠి లాగా పాత పుస్తకాల దుకాణాలకు ప్రసిద్ధి. దాన్ని ఆనుకొనే స్కీ, స్నోబోర్డు సామాన్ల దుకాణాల వరుస ఉంది. అక్కడ పలకలు, బూట్లు, అంచులు సానబట్టే ఆకురాళ్ళు, అడుగున పూసే మైనం గంటలకొద్దీ పరిశీలించి కొంటారు. ఇది విన్నప్పుడు మొదట నవ్వు వస్తుంది. వాళ్ళు ఏం చూసి కొంటారో తెలుసుకుంటే ఆ నవ్వు ఆగిపోతుంది.

అక్కడ 'కార్వింగ్' అనే జారుడు పద్ధతికి ఎందరో అభిమానులున్నారు. కార్వింగ్ అంటే చెక్కడం. మామూలుగా జారేవాడు పలకను అడ్డం తిప్పి మంచును బరుకుతూ మలుపు తిరుగుతాడు. కార్వింగ్ చేసేవాడు అట్లా బరకడు. పలక ఆకారం డమరుకం లాగా నడుమ సన్నగా ఉంటుంది. దాన్ని ఒక పక్కకు వాల్చి బరువు వేస్తే నడిమి భాగం వంగి మంచును తాకుతుంది, అంచు మొత్తం ఒక వృత్తఖండం అవుతుంది. ఆ వృత్తం మీదనే పలక పరుగెత్తుతుంది. వెనుక మిగిలేది కత్తితో గీసినట్టు ఒక సన్నటి గీత. అంచు వంపు వ్యాసార్ధం 10 మీటర్లు ఉన్న పలకను 60 డిగ్రీలు వాలిస్తే మలుపు వ్యాసార్ధం సుమారు 5 మీటర్లకు తగ్గుతుంది. కొసైన్ 60 అంటే సగం అని ఇంటర్మీడియట్‌లో మనమంతా బట్టీ పట్టాం. అక్కడ మంచు మీద ఆడే మామూలు ఉద్యోగి దానిని పాదాలతో తెలుసుకుంటాడు. అందుకే పలక కొనేటప్పుడు ఆ వ్యాసార్ధం ఎంత, ఎంత బిరుసుగా ఉంది, తన బరువుకు వంగుతుందా అని చూస్తాడు. ఎవరు చేశారో కూడా చూస్తాడు. నగానోలో 1912 నుంచి స్కీలు చేస్తున్న ఒగసాకా వంటి సంస్థ పలకలకు కార్వింగ్ వాళ్ళలో గౌరవం ఉంది. మరో మంచి ఆచారం ఏమిటంటే, వచ్చే ఏటి పలకలను కంపెనీలు ముందే మంచు మీదికి తెచ్చి, ఎక్కి చూసి నచ్చితేనే ఆర్డరు ఇమ్మంటాయి. నేర్చుకున్నవాడికి 5వ శ్రేణి నుంచి 1వ శ్రేణి దాకా పరీక్షలు పెట్టి బ్యాడ్జీలిచ్చే సంఘమూ ఉంది. వస్తువుకు పక్కనే విద్య నడుస్తుందన్న మాట.

అట్లాగని జపాన్ వాళ్ళందరూ ఋషులని నా ఉద్దేశం కాదు. 1980ల చివర వాళ్ళ దగ్గర డబ్బు పొంగిపొర్లిన కాలంలో స్కీ ఒక ఫ్యాషన్. 1987లో వచ్చిన ఒక స్కీ సినిమా చూసి అందులోని హీరోయిన్ దుస్తుల కోసం ఎగబడ్డారు. 1990ల తర్వాత ఆ గుంపు పలచబడింది. ఎన్నో మంచు వాలులు మూతపడ్డాయి. మోజు కోసం వచ్చినవాళ్ళు పోయారు, పని నేర్చినవాళ్ళు ఉండిపోయారు. మన మైదానాలకూ ఇదే పాఠం.

నిజానికి ఎక్కి చూసి కొనడమనేది మనం జపాన్ నుంచి నేర్చుకోవలసిన విద్య కాదు. మా నాయన తరం పశువుల అంగడిలో ఎడ్లను ఎట్లా కొనేదో చూసినవాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది. పండ్లు చూసేవాళ్ళు, సుడులు చూసేవాళ్ళు, పది అడుగులు నడిపించి డెక్క ఎట్లా పడుతుందో చూసేవాళ్ళు. కొమ్ములకు పూసిన రంగు చూసి పైసలిచ్చినవాణ్ణి ఊరంతా నవ్వేది. నాగలి అయినా అంతే. కాడికి కట్టే తావు కొంచెం మారితే కర్రు దిగే లోతు మారుతుందని బడికి పోని రైతుకు తెలుసు. మంచు పలక వాల్చే జపాన్ మనిషికి, నాగలి వంచే మన రైతుకు ఉన్న తెలివి ఒకటే. ఆ తెలివి ఇంట్లో పెట్టుకొని, పట్నం వచ్చి చదువుకుంటున్న మనం కొమ్ముల రంగు చూసి కొంటున్నాం. చదువు పెరిగి చూపు తగ్గడమంటే ఇదే!

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. సరంజామా ఉన్నవాడే ఆటగాడు అనే భావన పాకితే, లేనివాడు బౌండరీ గీత దగ్గరే ఆగిపోతాడు. క్రికెట్ సరే, మట్టిలో పుట్టిన కబడ్డీ కూడా మ్యాటు మీదికి ఎక్కింది. మ్యాటు మీద ఆడాలంటే బూట్లు కావాలి. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి ఆటకు గౌరవం పెరిగింది, సంతోషమే. కాని ఊర్లో వట్టికాళ్ళతో ఆడి వచ్చిన పిల్లవాడు, పిల్ల ఇక్కడికి రాగానే "బూట్లు లేవు సార్" అని వెనక్కి జరుగుతున్నారు. ఆడపిల్లల సంగతి మరీ కష్టం. తమ్మునికి బ్యాటు కొన్న ఇంట్లో అక్క బూట్ల వంతు వచ్చే వరకు ఆమె చదువే అయిపోతుంది.

మన వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం నుంచి వచ్చిన జీవాంజి దీప్తి కూలి పనులు చేసుకునే కుటుంబంలో పుట్టింది. 2024 మే నెలలో, నేను పైన చెప్పిన ఆ జపాన్‌లోనే, కోబె నగరంలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టి20 విభాగం అది. మనవాళ్ళకు టి20 అంటే క్రికెటే గుర్తొస్తుంది, ఏం చేస్తాం! ఆమె ప్రతిభను కనిపెట్టి శిక్షణ ఇచ్చిన గురువు నాగపురి రమేశ్. ఒక చూపున్న మనిషి ముందు చూసింది పరుగును, బూట్లను కాదు. మన తరగతి గదుల్లో ఇంకా ఎందరు దీప్తులు బూట్ల దగ్గర ఆగిపోయారో ఎవరు లెక్క పెట్టాలి?

అందుకని విద్యార్థి సంఘం వారికి, వ్యాయామ శాఖ పెద్దలకు నాకు తోచిన నాలుగు సూచనలు మనవి చేస్తున్నాను. ఒకటి: మన ఆటల నిధిలో మొదటి రూపాయి హెల్మెట్లు, ప్యాడ్ల వంటి రక్షణ సామాన్లకు, రెండవ రూపాయి అన్ని కొలతల బూట్లకు, ఆ తర్వాతనే బ్యాట్లకు పోవాలి. జెర్సీలు ఆఖరున చూద్దాం. రెండు: ఇవన్నీ ఒక ఉమ్మడి గదిలో ఉండాలి. గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్టు కార్డు మీద ఇవ్వాలి, తిరిగి తీసుకోవాలి. మూడు: ఏటా జూలైలోనో ఆగస్టులోనో ఒక రోజు సీనియర్లు తమ పాత బ్యాట్లు, బూట్లు, రాకెట్లు మైదానానికి తేవాలి. జూనియర్లు ఆడి చూసి, నప్పితే తక్కువ ధరకు తీసుకోవాలి. నాలుగు: బ్యాటుకు నూనె పట్టడం, పిడికి దారం చుట్టడం, రాకెట్టు తీగలు బిగించడం నేర్పే ఒక మధ్యాహ్నం పెట్టాలి. భౌతికశాస్త్ర అధ్యాపకులు వచ్చి బ్యాటులో బంతి బాగా పోయే చోటు ఎందుకుంటుందో బోర్డు మీద చెబితే నావంటివాళ్ళకు పాఠమూ ఒంటబడుతుంది.

ఇవి లక్షలు అడిగే పనులు కావు. కొంచెం పూనిక, ఒక రిజిస్టరు, తాళంచెవి భద్రంగా ఉంచే ఒక మనిషి ఉంటే చాలు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో కొత్త సింథటిక్ ట్రాకు మీద జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. దేశమంతా వచ్చి పరుగెత్తిన నేల మన ఊర్లోనే ఉంది. దాని మీద అడుగు పెట్టడానికి మన పల్లె పిల్లలకు ఒక జత బూట్లు అడ్డం కారాదు. మిత్రులారా, వచ్చే విద్యా సంవత్సరంలో ఎవరైనా మీ ముందు కొత్త బ్యాటు పెడితే ధర అడగకండి. "ఒక ఓవర్ ఆడి చూడొచ్చా?" అని అడగండి. ఆ తర్వాత పక్కన నిలబడి చూస్తున్నవాడికి కూడా ఒక ఓవర్ ఇవ్వండి.