ఇల్లు మారేముందు కూతురి దారి చూడండి

వేసవి సెలవులు ముగుస్తున్నాయంటే మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఊళ్లోనే ఉందామా, పిల్లల చదువు కోసం పట్టణానికి వెళదామా? జూన్‌లో బడులు తెరుచుకునేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. వికారాబాద్ జిల్లాలోని కోట్‌పల్లి వంటి చోట ఈ ప్రశ్న మరింత బరువైనది. ప్రాజెక్టు నీళ్లపై పడవ విహారానికి హైదరాబాద్ నుంచి కుటుంబాలు కోట్‌పల్లికి వస్తాయి. చుట్టుపక్కల పల్లెల కుటుంబాలు మాత్రం పిల్లల చదువుల కోసం వికారాబాద్ వైపో, తాండూరు వైపో, స్తోమత ఉంటే హైదరాబాద్ వైపో చూస్తాయి.

సంతానం మేలు కోరి నివాసం మార్చుకోవడం మన ధర్మానికి కొత్త కాదు. హజ్రత్ ఇబ్రాహీం (అ) తన సంతానాన్ని పైరు పండని లోయలో, పవిత్ర గృహం చెంత నివసింపజేశారు. ఆ సందర్భంలో ఆయన చేసిన దుఆ దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీం సూరాలో ఉంది. అందులోని క్రమాన్ని గమనించండి. తన సంతతి నమాజును స్థాపించాలన్నది మొదటి కోరిక. ప్రజల హృదయాలు వారివైపు మొగ్గాలన్నది రెండవది. వారికి ఫలాలు ఆహారంగా లభించాలన్నది మూడవది. అంటే ముందు దీన్, తరువాత మంచి మనుషుల సాంగత్యం, ఆ తరువాత ఉపాధి. మనం ఇల్లు వెతికేటప్పుడు ఈ క్రమం తరచూ తలకిందులవుతుంది. ముందు అద్దె ఎంతో అడుగుతాం, తరువాత బడి పేరు అడుగుతాం. మస్జిద్ ఎంత దూరమో, ఇరుగుపొరుగు ఎలాంటివారో ఇల్లు మారిన తరువాతే తెలుసుకుంటాం.

ఇమామ్ షాఫయీ (రహ్మ) జీవితం ఈ విషయంలో మనకు దారి చూపుతుంది. ఆయన హిజ్రీ 150లో గాజాలో జన్మించారు. పసితనంలోనే తండ్రి మరణించారు. బిడ్డకు సుమారు రెండేళ్లు ఉన్నప్పుడు తల్లి అతన్ని తీసుకుని మక్కా చేరారు. అక్కడ తమ వంశంవారు ఉన్నారు, విద్వాంసులూ ఉన్నారు. గురువుకు చెల్లించడానికి ఆమె వద్ద డబ్బు లేదు. గురువు లేని సమయంలో తోటి పిల్లలను చూసుకునే పని ఆ బాలుడు చేసేవాడు. గురువు దానినే రుసుముగా భావించారు. కాగితం కొనే స్తోమత లేక ఎముకలపై పాఠాలు రాసుకున్నాడు. ఏడేళ్లకే ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశాడు. ఆ నిరుపేద తల్లి ఎన్నుకున్నది భవనాన్ని కాదు, బిడ్డ చుట్టూ ఉండే మనుషులను. తానూ ఆ బిడ్డ వెంటే ఉంది.

ఇంతవరకు ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా తరువాతి ప్రశ్నతోనే. మన ఇళ్లలో ఈ ప్రయాణం ఎవరి కోసం జరుగుతోంది?

కొడుకు పదో తరగతికి వస్తే పొలం కౌలుకిచ్చి అయినా పట్టణంలో గది అద్దెకు తీసుకునే తండ్రులు ఉన్నారు. అదే తండ్రి కూతురి విషయంలో, బడి దూరం, రోజులు బాగాలేవు, చదివింది చాలు అంటాడు. ఒకే ఇల్లు, ఒకే ఊరు, ఒకే దూరం. కొడుక్కి అది దారి అయింది, కూతురికి గోడ అయింది.

చట్టం కూడా ఇక్కడ కొంతవరకే మనకు తోడుగా వస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. ఆ వయసు దాటాక, అంటే సరిగ్గా మన ఆడపిల్లల చదువు ఆగిపోయే వయసులో, ఆ చట్టం చేయి వదులుతుంది. అక్కడి నుంచి ఆ పిల్ల చదువుకు పూచీ తల్లిదండ్రులదే. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, దేశంలో 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. దూరమనే మాట మనకు సాకు కాకూడదు.

నుమాన్ బిన్ బషీర్ (ర) గారి తండ్రి తన కుమారుడికి ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (స) అడిగారు. లేదని చెప్పగానే సాక్ష్యానికి నిరాకరించి, సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. కుటుంబమంతా ఊరు వదిలి, సంపాదనలో సగం అద్దెకు పోసి కొడుకును చదివించడం చిన్న కానుకేమీ కాదు. ఆ కానుకలో కూతురి వాటా ఎంత? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకున్న తరువాతే సామాను సర్దాలి.

అందుకే మేము చెప్పేది ఒక్కటే. నివాసం నిర్ణయించేటప్పుడు ముందుగా కూతురి హైస్కూలు, ఇంటర్ కాలేజీ దారిని కొలవండి. ఆమెకు సురక్షితంగా అందే చదువు కొడుక్కి ఎలాగూ అందుతుంది. కొడుక్కి అందేదల్లా ఆమెకు అందుతుందన్న భరోసా మాత్రం లేదు.

అలా కొలిచి చూస్తే చాలాసార్లు ఇల్లు మారవలసిన అవసరమే రాకపోవచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు, మహిళలకు ప్రయాణం ఉచితం. ఇక చార్జీ ఒక కారణం కాదు. బడి వేళకు బస్సు ఉందా, సాయంత్రం తిరిగి ఏ వేళకు చేరుస్తుంది, బస్టాపు నుంచి ఇంటికి ఎంత నడక అన్నవే చూడాలి. ఒకే వాడకు చెందిన నలుగురు అమ్మాయిలు కలిసి వెళితే సగం భయం తీరుతుంది. బస్సు వేళ కలవకపోతే ఊరివారంతా కలిసి డిపో మేనేజరుకు వినతిపత్రం ఇవ్వవచ్చు. మస్జిద్ కమిటీలు చేపట్టదగిన పని ఇది.

హాస్టలుతో కూడిన చదువూ ఉంది. తెలంగాణ మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై 204కు పెరిగాయి. బాలికలకు, బాలురకు వేర్వేరు పాఠశాలలు ఉన్నాయి. ప్రవేశం అయిదో తరగతి నుంచి మొదలవుతుంది. చదువు, వసతి, భోజనం ఉచితం. బాలికల కోసం కస్తూర్బా గాంధీ విద్యాలయాలూ ఉన్నాయి. చేర్పించేముందు తల్లి స్వయంగా వెళ్లి పడక గదులు, మరుగుదొడ్లు, భోజనం, నమాజుకు వీలు, తల్లిదండ్రులను కలవనిచ్చే రోజులు చూసి రావాలి. చేర్పించాక నెలనెలా వెళ్లాలి. హాస్టలులో వేసినంత మాత్రాన తల్లిదండ్రుల బాధ్యత వార్డెనుకు బదిలీ కాదు.

ఇల్లు మారడమే మేలని తేలితే, ఇద్దరూ కూర్చుని కొన్ని సంగతులు తేల్చుకోండి. తండ్రి వెంట వస్తాడా, ఊళ్లోనే ఉంటాడా? ఒక సంసారానికి రెండు పొయ్యిలైతే ఖర్చు రెట్టింపవుతుంది. ఎదిగే పిల్లలపై తండ్రి చూపు సన్నగిల్లుతుంది. ఆయన తాండూరు నాపరాయి పనిలోనో, మరో పనిలోనో కుదురుకోగలడా? ఊళ్లో మిగిలే దాదా, దాదీలను ఎవరు చూస్తారు? వారిని ఒంటరిగా వదిలి పిల్లలకు ఎంత చదువు చెప్పించినా, తల్లిదండ్రుల సేవ అనే పాఠం మాత్రం చెప్పలేకపోతాం. ఫీజుకు, అడ్వాన్సుకు వడ్డీ అప్పు చేయవలసి వస్తుందా? అయితే ఆ ఇల్లు మనకు కాదు; స్తోమతకు తగిన బడిని వెతకండి. సాయంత్రం ఖుర్ఆన్ పాఠానికి, ఉర్దూ చదవడం రాయడం నేర్చుకోవడానికి దగ్గరలో ఏర్పాటు ఉందా? ఇంటికన్నా ముందు పొరుగును చూడమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇవన్నీ చూసుకున్నాక ఇస్తిఖారా నమాజు చేసి, పెద్దలను సంప్రదించి నిర్ణయం తీసుకోండి. ఆ సంప్రదింపులో కూతురిని కూడా కూర్చోబెట్టండి. ఆ దారిన రోజూ నడవవలసింది ఆమె. ఆ దారిలో ఎక్కడ వెలుగు ఉందో, ఎక్కడ భయం ఉందో మనకన్నా ఆమెకే బాగా తెలుసు.

మన ఇళ్లను మన సంతానానికి శాంతి నిలయాలుగా, వారి చదువును ఇహపరాల మేలుకు సాధనంగా అల్లాహ్ చేయుగాక! కొడుకుల మధ్య, కూతుళ్ల మధ్య న్యాయంగా నడుచుకునే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.