గృహిణీ విజ్ఞానము: చల్లని మేడలు

మన బిడ్డలును కోడండ్రును పగలెల్ల పనిచేయు పెద్దమేడలందు విద్యుత్తును మిక్కిలిగ మ్రింగునది ఎయిర్ కండిషనింగు. ఈ వ్యయమును తగ్గించుట యెట్లు?

హైదరాబాదు చెంత పోచారమున ఇన్ఫోసిస్ సంస్థ 2011లో ఒక మేడను రెండు సమభాగములుగ నేర్పఱచెను. ఒకదానిని యంత్రము విసరు చల్లగాలి చల్లబఱచెను. రెండవదానిని కప్పులో నమర్చిన గొట్టములందు పాఱు చల్లనినీరు చల్లబఱచెను. రెండవభాగమునకు విద్యుత్తు ఇంచుమించు మూడవవంతు తక్కువ పట్టినది. ఏలయన, వేడిని మోయుటలో గాలికంటె నీరు మిక్కిలి సమర్థము. అయినను, రెండు భాగములందును ముందుగ ఎండను గోడలయొద్దను, కిటికీలయొద్దను అడ్డగించిరి.

వేడిని వెడలగొట్టుటకంటె రానీయకుండుట సులభము. వేసవిలో ప్రొద్దెక్కకమునుపే కిటికీలు మూయు ఇల్లాండ్రకిది క్రొత్తగాదు. మీ యూర బడికో, ఆసుపత్రికో క్రొత్తమేడ లేచునప్పుడు యంత్రమును గూర్చి గాక, నీడను గూర్చి మొదట నడుగుడు. కప్పు పడిన పిమ్మట నడిగిన ఫలమల్పము.