కార్డులో చోటు చూసి పని పంపండి

2010 ఆగస్టులో శాస్త్రవేత్తలు తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే ఒక మృత నక్షత్రాన్ని, అంటే ఒక కొత్త పల్సార్‌ను కనుగొన్నట్టు ప్రకటించారు. అది సెకనుకు దాదాపు 41 సార్లు గిరగిరా తిరుగుతుంది. దాని జాడ అరెసిబో రేడియో టెలిస్కోపు సేకరించిన డేటాలో దొరికింది. ఆ డేటాను జల్లెడపట్టి జాడ తీసింది మాత్రం అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక దంపతుల ఇంటి కంప్యూటరూ, జర్మనీలోని మైంజ్‌లో మరొకరి కంప్యూటరూ. ఆ రెండూ ఐన్‌స్టీన్‌ ఎట్‌ హోమ్‌ ప్రాజెక్టుకు ఖాళీ సమయాన్ని దానంగా ఇచ్చినవే.

ఈ దానానికి పాతికేళ్లకు పైగా చరిత్ర ఉంది. 1999 మేలో గ్రహాంతర జీవుల సంకేతాలను వెతికే సెటి ఎట్‌ హోమ్‌ మొదలైంది. ఇళ్లలోని కంప్యూటర్లకు ఇలాంటి పనులు పంచడానికి ఆ తర్వాత బర్క్‌లీలో తయారైన బాయింక్‌ సాఫ్ట్‌వేర్‌ ఎన్నో ప్రాజెక్టులకు ఆధారమైంది. ప్రొటీన్ల ముడతలను లెక్కగట్టే ఫోల్డింగ్‌ ఎట్‌ హోమ్‌ 2006లోనే గ్రాఫిక్స్‌ కార్డులను పనిలోకి దించింది. 2020లో కరోనా వైరస్‌ మీద పరిశోధనకు జనం తమ కార్డులు అప్పగించినప్పుడు, ఆ నెట్‌వర్క్‌ శక్తి సెకనుకు పదివేల కోట్ల కోట్ల లెక్కలను దాటింది.

ఇంత శక్తిలో కొంత కేవలం కార్డుల్లో మెమొరీ చాలక వృథా అవుతోంది. ఇచ్చే మనసున్నవాళ్లు విసిగి వెళ్లిపోవడానికి ఇదొక కారణం. దీన్ని సరిదిద్దాల్సిన బాధ్యత ముందుగా ప్రాజెక్టులదే.

జరిగేది ఇది. కార్డుకు ఒక పని వస్తుంది. దానికి కావలసినంత వీడియో మెమొరీ ఖాళీగా లేకపోతే కొన్ని ప్రోగ్రాములు వాయిదా వేసి కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తాయి. కొన్ని కొద్ది క్షణాల్లోనే విఫలమవుతాయి. వెంటనే ఇంకో పని వస్తుంది, అదీ పోతుంది. ఇలా వరుసగా తప్పులు నమోదవుతుంటే సర్వర్‌ ఆ కంప్యూటర్‌కిచ్చే రోజువారీ పనిని తగ్గించేస్తుంది. ఉదయం తెర చూసుకున్న మనిషికి కనిపించేది ఎర్రర్‌ల చాంతాడు. కార్డు పాడైందని అతను అనుకోవడంలో వింత లేదు.

చాలాసార్లు కార్డుకు ఏమీ కాదు. వేగం కోసం ఒకే కార్డు మీద రెండేసి పనులు నడిపించే అలవాటు వాలంటీర్లలో బాగా ఉంది. సెట్టింగుల్లో ఒక్కో పనికి 0.5 కార్డు అని రాస్తే చాలు, బాయింక్‌ రెండు పనులను ఎక్కించేస్తుంది. ఆ సగం అనే అంకె కార్డును పంచుతుందే తప్ప మెమొరీని కొలవదు. 4 గిగాబైట్ల కార్డులో డెస్క్‌టాప్, బ్రౌజర్, ఒక వీడియో కొంత చోటు తీసుకున్నాక రెండో పనికి మిగిలేది తక్కువే. విండోస్‌లో ఇంకో చిక్కుంది. వీడియో మెమొరీ నిండితే పొంగినది కంప్యూటర్‌ మామూలు ర్యామ్‌లోకి వెళ్తుంది. పని ఆగదు, కానీ నత్తనడక నడుస్తుంది. టాస్క్‌ మేనేజర్‌లో గ్రాఫిక్స్‌ మెమొరీ గీత పైకంటా వెళ్లి నిలిచిపోయిందేమో చూడటం ఇక్కడ మొదటి పరీక్ష. ఒక్క పనికే పరిమితం చేసి ఒక పూట గమనించడం రెండోది. గేమ్‌ ఆడుతున్నంతసేపు లెక్కలు ఆగేలా బాయింక్‌లోనే ఒక ఏర్పాటు ఉంది, దాన్ని వాడుకోవచ్చు.

పని పూర్తిగా ముగిసినా చివరికి ఫలితం చెల్లదని వస్తే కథ వేరు. చాలా ప్రాజెక్టులు ఒకే పనిని ఇద్దరికి పంపి జవాబులు సరిపోల్చుతాయి. చోటు చాలనప్పుడు పని ఆగిపోతుంది, లేదా నెమ్మదిస్తుంది. మెమొరీ లోపముంటే మాత్రం పని నడిచి జవాబు తప్పుతుంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఇమ్రాన్‌ హక్, విజయ్‌ పాండే ఫోల్డింగ్‌ ఎట్‌ హోమ్‌ నెట్‌వర్క్‌లోని 20 వేలకు పైగా కంప్యూటర్లలో గ్రాఫిక్స్‌ కార్డుల మెమొరీని పరీక్షించారు. మూడింట రెండొంతుల కార్డుల్లో అప్పుడప్పుడు దొర్లే మెమొరీ పొరపాట్లు బయటపడ్డాయి. కార్డును నిర్ణీత వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపే ఓవర్‌క్లాకింగ్‌ను లెక్కలోకి తీసుకున్నాక కూడా అవి పోలేదు. కార్డు నిర్మాణాన్ని బట్టి మారాయి. పరీక్షించినవి ఆనాటి తరం కార్డులు. అయినా జవాబులు తరచూ తప్పుతున్నప్పుడు మెమొరీ వేగాన్ని కాస్త తగ్గించి చూడటం ఇప్పటికీ మంచి పద్ధతే.

వాలంటీర్లు ఇవన్నీ తెలుసుకోవాలి, నిజమే. కానీ సాఫ్ట్‌వేర్‌ చెప్పే సమాచారమే తప్పయితే వాళ్లేం చేస్తారు? ఏళ్ల తరబడి బాయింక్‌ 8 గిగాబైట్ల ఎన్విడియా కార్డులను కూడా 4095 మెగాబైట్లుగానే చూపించింది. పెద్ద కార్డు కొన్నవాళ్లు తమకు సగమే అందిందేమోనని కంగారుపడ్డారు.

బాయింక్‌ సర్వర్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కు కనీస వీడియో మెమొరీని నిర్దేశించే వీలు ఇప్పటికే ఉంది. ఆ అంకెను నిజాయితీగా, డెస్క్‌టాప్‌ వాడకాన్ని కూడా కలుపుకొని పెట్టాలి. కొత్త డేటా వచ్చి పనులు పెద్దవైనప్పుడల్లా దాన్ని సవరించాలి. ఒక కార్డు మీద ఎన్ని పనులు పడతాయో నిర్ణయించేటప్పుడు వాలంటీర్‌ కంప్యూటర్‌లో నడిచే బాయింక్‌ క్లయింట్‌ ఖాళీ మెమొరీని కూడా చూడాలి. ఎర్రర్‌ సందేశంలో అంకెల కోడ్‌ బదులు ‘ఇంత మెమొరీ కావాలి, ఇంతే ఉంది’ అని రాస్తే సగం గందరగోళం పోతుంది.

ఇది మన పిల్లలకూ సంబంధించిన విషయమే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంజినీరింగ్‌ చదివే విద్యార్థి దగ్గర ఉండేది 4 గిగాబైట్ల కార్డున్న గేమింగ్‌ ల్యాప్‌టాప్‌ కావచ్చు. ఆ కార్డు కూడా ఒక పల్సార్‌ను పట్టగలదు. కరెంటు బిల్లు తానే కట్టి లెక్కలు చేసిపెట్టే ఆ విద్యార్థికి, పని పంపకముందే అది తన కార్డులో పడుతుందో లేదో చెప్పండి. ప్రాజెక్టులు నడిపేవాళ్లు ఈ ఒక్క సవరణను వచ్చే విడుదలలోనే చేయాలి.