‘ఆపు’ అనే మాటను ముందు మనం ఆపుదాం

మీ ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఉన్నట్టుండి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడనుకోండి. జలుబు లేదు, జ్వరం లేదు. అయినా నిమిషానికి రెండు మూడుసార్లు ఆ శబ్దం వినిపిస్తూనే ఉంటుంది. కొన్ని వారాలకు అది తగ్గి, దాని స్థానంలో ఒక చిన్న కూతో, సందర్భం లేని ఒక మాటో వచ్చి చేరుతుంది. ఇంట్లోవారు మొదట నవ్వుతారు, తరువాత విసుక్కుంటారు, చివరకు ‘ఆపుతావా లేదా?’ అని గద్దిస్తారు. ఆ గద్దింపు గురించే ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

వైద్యపరిభాషలో దీనిని ‘వోకల్ టిక్’ అంటారు. ఇది ఊతపదం కాదు, నత్తి కాదు, పొగరు అంతకన్నా కాదు. కదలికలను అదుపుచేసే మెదడు వలయాలలోని తేడా వల్ల కలిగే స్థితి ఇది. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం కూడా ఎక్కువే. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ వయసులో, తరచుగా కళ్ళు ఆర్పడంతో మొదలై, పది పన్నెండేళ్ళకు ఎక్కువై, కౌమారం ముగిసేసరికి చాలామందిలో గణనీయంగా తగ్గుతుంది. ఆడపిల్లలకన్నా మగపిల్లలలో ఎక్కువ. శరీర కదలికల టిక్‌లు కొన్ని, శబ్దపు టిక్ కనీసం ఒకటి ఏడాదికి మించి కొనసాగితే దానిని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో తొమ్మిదిమంది రోగుల వివరాలను ప్రచురించిన ఫ్రెంచి వైద్యుడి పేరు అది. సినిమాలలో చూపినట్టు బూతు మాటలు రావడం ఈ పిల్లలలో కొద్దిమందికే ఉంటుంది.

‘బడిలో ఆపుకోగలడు, ఇంటికి రాగానే మొదలుపెడతాడు. అంటే కావాలనే చేస్తున్నట్టేగా?’ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. న్యాయమైన సందేహమే. తుమ్మును మీరు కాసేపు ఆపుకోగలరు. అంతమాత్రాన తుమ్ము మీ ఇష్టం కాదు. టిక్‌కు ముందు గొంతులో ఒక గరగర, ఒక ఒత్తిడి వంటిది పుడుతుందని కాస్త పెద్ద పిల్లలు చెబుతారు. శబ్దం బయటకు వస్తేనే అది శాంతిస్తుంది. బడిలో దానిని అణచిపెట్టడానికి పడే శ్రమలో పాఠం మీద పెట్టవలసిన ధ్యాస ఖర్చయిపోతుంది. ఇంట్లో భయం లేదు కనుక వదిలేస్తాడు. అది అతడు మీ మీద ఉంచిన నమ్మకం.

వృత్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాలలో ఇటువంటి ఒక బాలునికి నేను నెలల తరబడి దగ్గుమందు రాశాను. తగ్గకపోయేసరికి ‘కొంచెం గట్టిగా చెప్పండి, మానుకుంటాడు’ అని తండ్రికి సలహా ఇచ్చాను. మరుసటిసారి వచ్చినప్పుడు ఆ పిల్లవాడు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. టిక్ తగ్గలేదు, మాట్లాడటం తగ్గించాడు. రోగం చేయని హాని నా సలహా చేసింది.

‘అయితే పట్టించుకోకుండా వదిలేయమంటారా?’ అని మీరు అడగవచ్చు. శబ్దాన్ని పట్టించుకోకండి, పిల్లవాణ్ణి పట్టించుకోండి. శబ్దం వచ్చినప్పుడు మాట ఆపి అతనివైపు చూడకండి, చెబుతున్నది కొనసాగించండి. బంధువుల ముందు ఆ ప్రస్తావన తేకండి, అనుకరించనివ్వకండి. ఒక్కసారి అతణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ‘ఇది నీ తప్పు కాదు, చాలామంది పిల్లలకు వస్తుంది’ అని చెప్పండి. తరగతి ఉపాధ్యాయురాలిని స్వయంగా కలిసి విషయం వివరించండి. అవసరమనిపించినప్పుడు రెండు నిమిషాలు బయటకు వెళ్ళిరావడానికి అనుమతి కోరండి. ఆందోళన, అలసట, నిద్రలేమి టిక్‌లను పెంచుతాయి. పరీక్షల రోజులలో ఈ సంగతి గుర్తుంచుకోండి. తాయెత్తులు, దిష్టి తీయడాలు రోగాన్ని తగ్గించవు. తనలో ఏదో పాడైందన్న భయాన్ని మాత్రం పిల్లవాడిలో నాటుతాయి.

టిక్ వల్ల నొప్పి కలుగుతున్నా, చదువు దెబ్బతింటున్నా, తోటివారు వేధిస్తున్నా చికిత్స అవసరం. మొదటి మెట్టు మందు కాదు, శిక్షణ. గొంతులో ఒత్తిడి పుట్టగానే నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం వంటి ప్రత్యామ్నాయాన్ని మనస్తత్వ నిపుణులు నేర్పుతారు. 2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 126 మంది పిల్లలను రెండు జట్లు చేసి పది వారాలు పరిశీలించారు. ఈ శిక్షణ పొందినవారిలో సగానికి పైగా మెరుగయ్యారు. ధైర్యవచనాలు, అవగాహన మాత్రమే పొందినవారిలో మెరుగైనవారు ఐదోవంతుకన్నా తక్కువ. అది చాలనప్పుడు మందులున్నాయి. వాటిని నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. ఈ పిల్లలలో చాలామందికి ఏకాగ్రత లోపమో, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయాలన్న బలవంతపు ఆలోచనలో తోడుగా ఉంటాయి. తరచుగా టిక్‌కన్నా అవే ఎక్కువ బాధిస్తాయి కనుక వాటినీ పరీక్షించమని అడగండి.

కొన్ని సందర్భాలలో మాత్రం ఆలస్యం చేయరాదు. శబ్దంతోపాటు స్పృహ తప్పినా, కొత్త మందు మొదలుపెట్టిన తరువాతే ఇది కనిపించినా, గొంతునొప్పి వచ్చి తగ్గిన కొన్నాళ్ళకు కాళ్ళుచేతులు నాట్యం చేస్తున్నట్టు అదుపు తప్పి కదులుతున్నా వెంటనే వైద్యుణ్ణి కలవండి. ఈ చివరిది కీళ్ళవాత జ్వరం వల్ల కావచ్చు. గుండె కవాటాలను పరీక్షించవలసి ఉంటుంది. ఎవరిని కలవాలో తోచకపోతే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రాన్ని సంప్రదించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి.

టిక్ చాలావరకు వయసుతో తగ్గుతుంది. ఆ కొన్నేళ్ళూ ఇంట్లో విన్న మాటలు మాత్రం వయసుతో పోవు. కనుక ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ శబ్దం మళ్ళీ వినిపిస్తే, ‘ఆపు’ అనకుండా పిల్లవాడు చెబుతున్న కబురును చివరిదాకా వినండి.