ఆట చాలించే వేళ

నలభై ఆరేళ్ళంటే మా అధ్యాపక వృత్తిలో ఇంకా నడివయస్సే. "మీరు కుర్రవాళ్ళు, ఈ పరీక్షల పని మీరు చూడండి" అని పెద్దలు నాబోటివాళ్ళ మీదికి తోసేస్తూ వుంటారు. గొంతు కాస్త బొంగురుపోయినా, కళ్ళజోడు దళసరి అయినా, అరవై దాకా నిశ్చింతగా పాఠాలు చెప్పుకోవచ్చును. కాని నలభై రాగానే ముసలివాడివి పొమ్మనే వృత్తులు కూడా లోకంలో వున్నవి. అమెరికా వాళ్ళ బేస్‌బాల్ ఆట అటువంటిది.

ఈ ఆట మన క్రికెట్టుకు దూరపు చుట్టం. ఒకడు బంతి విసురుతాడు; వాణ్ణి పిచ్చరంటారు. మరొకడు గుండ్రని కర్రతో కొడతాడు. కొట్టిన బంతి కంచె దాటిపోతే హోమ్ రన్. మన సిక్సరు వంటిదన్నమాట. ఈ వ్యాసానికి ఈపాటి తెలిస్తే చాలు. ఎందుకంటే నేను చెప్పదలచింది ఆ ఆట మానుకోవడాన్ని గురించి.

ఇరవయ్యేళ్ళ వయస్సులో ఆ వృత్తిలోకి వచ్చినవాడు, ఎంతటి మొనగాడైనా, నలభై నాటికి దిగిపోవలసిందే. సగం జీవితం ఇంకా ముందే వుంటుంది. చేతనైన ఒక్క విద్యా శరీరం మరిచిపోయిన తర్వాత ఆ సగం గడపాలి. ఎప్పుడు దిగాలి? ఎట్లా దిగాలి?

బోస్టన్ జట్టులో టెడ్ విలియమ్స్ అని ఒకాయన వుండేవాడు. కర్ర పట్టినవాళ్ళలో ఆయనంతటివాడు లేడని చాలామంది అంటారు. 1960 సెప్టెంబరు 28న, 42వ ఏట, జట్టు సొంత మైదానమైన ఫెన్‌వే పార్కులో చివరిసారి ఆడాడు. మబ్బు పట్టిన చలి రోజు. వచ్చిన జనం పదివేల పైచిలుకు మాత్రమే. ఆఖరి వంతులో బంతిని కంచె దాటించాడు. అది ఆయన 521వ హోమ్ రన్. జనం లేచి నిలబడి ఆగకుండా చప్పట్లు కొట్టారు. అటువంటప్పుడు టోపీ కాస్త ఎత్తడం అక్కడి మర్యాద. విలియమ్స్ తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడేగాని టోపీ ముట్టుకోలేదు. కుర్రతనంలో ఈ జనమే తనను గేలి చేశారని పట్టిన పంతం అది. న్యూయార్కులో ఇంకా మూడు ఆటలు మిగిలివున్నా ఆడనని చెప్పేశాడు. 1991లో అదే మైదానంలో తనకు సన్మానం జరిగిన రోజున, 72 ఏళ్ళ వృద్ధుడు, దాచి తెచ్చిన టోపీ తీసి జనానికి ఎత్తి చూపించాడు. ఆట వదిలిన ముప్ఫై ఏళ్ళకు గాని అలక వదలలేదు!

చివరి దెబ్బ సిక్సరు కావడం నూటికో కోటికో ఒకరికి దక్కే అదృష్టం. అది చేతికి వచ్చినా గుర్తించలేనివాళ్ళు వున్నారు. బేబ్ రూత్ పేరు బేస్‌బాల్ తెలియనివాళ్ళు కూడా విని వుంటారు. 1935 మే 25న, నలభయ్యేళ్ళ వయస్సులో, పిట్స్‌బర్గులో ఒకే ఆటలో మూడు హోమ్ రన్లు కొట్టాడు. ఆ సాయంత్రమే సెలవు పుచ్చుకుంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటారు. కాని ఆయన మర్నాడు మళ్ళీ కర్ర పట్టాడు. ఇంకొక్క హోమ్ రన్ రాలేదు. జూన్ 2న మానుకున్నాడు. ఏదైనా పెద్ద జట్టుకు మేనేజరు కావాలని ఎంతో ఆశపడ్డాడు; ఆ పని ఎవరూ ఇవ్వలేదు.

ఆదిపర్వంలోని యయాతి కథ పాఠం చెప్పేటప్పుడు మా తరగతిలో కుర్రవాళ్ళు నవ్వుతారు. కన్నకొడుకును యౌవనం అప్పు అడిగిన తండ్రి వాళ్ళకు వింతగా కనిపిస్తాడు. ఇరవయ్యేళ్ళ వయస్సులో నవ్వు రావడం సహజమే. రూత్ సంగతి చదివినప్పుడు మాత్రం నాకు యయాతి మీద జాలి కలిగింది. యయాతికి పూరుడు దొరికాడు. రూత్‌కు ఎవరు దొరుకుతారు?

తొందరపడి వెళ్ళిపోయినవాళ్ళూ లేకపోలేదు. లాస్ ఏంజెలెస్ పిచ్చరు శాండీ కోఫాక్స్ 1966లో 27 ఆటలు గెలిపించి, ఆ నవంబరులోనే, ముప్ఫయ్యేళ్ళకే, ఇక చాలునన్నాడు. మోచేతికి కీళ్ళ జబ్బు. ఆట తర్వాత బ్రతకవలసిన ఏళ్ళు చాలా వున్నవనీ, ఆ ఏళ్ళకు తన చెయ్యి తనకు కావాలనీ ఆయన ఆలోచన. ఎంత వివేకం! అయితే ఆ వివేకం లేదని తక్కినవాళ్ళను నిందించడం న్యాయమా? ఇక్కడ విల్లీ మేస్ సంగతి చెప్పాలి.

మేస్ మైదానంలో పరుగెత్తుతూ వుంటే బంతే వెదుక్కుంటూ ఆయన చేతిలోకి వచ్చినట్టుండేదట. 1973 నాటికి ఆయనకు 42 ఏళ్ళు; న్యూయార్కు మెట్స్ జట్టులో వున్నాడు. ఆ అక్టోబరులో వరల్డ్ సీరీస్ రెండో ఆట ఓక్లండులో జరిగింది. ఎండ కళ్ళల్లో పడుతూ వుండగా, తనవైపు వచ్చిన బంతి కోసం వెళ్ళి తూలి పడిపోయాడు. దేశమంతా టెలివిజనులో చూసింది. వయస్సు మళ్ళినా పట్టు విడవనివాణ్ణి గురించి చెప్పవలసి వస్తే అమెరికాలో ఈనాటికీ మేస్ పడిన పాటునే చెబుతారు.

అదే ఆట 12వ ఇన్నింగ్సు దాకా సాగింది. రెండు జట్లూ సమంగా వున్నవి. అప్పుడు దెబ్బ కొట్టి మెట్స్‌ను ముందుకు తెచ్చినవాడు ఎవరనుకున్నారు? మేసే! జట్టు గెలిచింది కూడాను. కాని ఆయన పడిన సంగతి అందరికీ జ్ఞాపకం, కొట్టిన సంగతి కొద్దిమందికే జ్ఞాపకం.

"బాగున్నప్పుడే దిగిపోవాలి" అనే నీతి చూసేవాళ్ళు కల్పించుకున్నదేమోనని నా అనుమానం. మన చిన్ననాడు మనం ఆరాధించినవాడు తూలి పడితే, మనకూ వయస్సు వచ్చిందని తెలిసిపోతుంది. అది మనకు ఇష్టం వుండదు. అందుకని ఆయన ముందే వెళ్ళిపోవాలి! ఆడేవాడి మాట వేరు. ఆట అంటే ప్రేమ గనక ఇంకొక్క ఏడు ఆడదామనుకుంటాడు. అందులో తప్పేముంది?

పైగా ఈ ఎంపిక పెద్ద పేరున్నవాళ్ళకే. తక్కినవాళ్ళను ఒక ఉదయం మేనేజరు గదిలోకి పిలిచి, నీతో పని లేదంటారు. పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. దండలూ లేవు, చప్పట్లూ లేవు. పింఛను పథకం 1947లోనే వచ్చింది గాని, చాలాకాలం పెద్ద లీగులో కొన్నేళ్ళు గడిపితేగాని ఏమీ ముట్టేది కాదు. 1980 నుంచి 43 రోజులున్నా కొంత వచ్చేట్టు మార్చారు. ఆ మార్పు అంతకుముందే మానినవాళ్ళకు వర్తించలేదు. వాళ్ళకు ఏటా కొద్దిపాటి సొమ్ము ఇవ్వడం 2011లో గాని మొదలు కాలేదు.

అటువంటివాళ్ళలో ఆర్చిబాల్డ్ గ్రాహం కథ నాకు చాలా ఇష్టం. 1905లో న్యూయార్కు జెయింట్స్ తరఫున ఒకే ఒక్క ఆటలో మైదానంలో అడుగు పెట్టాడు. కర్ర పట్టే వంతు రాకుండానే ఆట ముగిసింది. పెద్ద లీగులో ఆయన ముచ్చట అంతే. తర్వాత వైద్యుడై, మిన్నెసోటా రాష్ట్రంలో చిజమ్ అనే ఇనుపగనుల ఊళ్ళో స్థిరపడి, దశాబ్దాల తరబడి బడిపిల్లలకు వైద్యం చేసి, 1965లో కన్నుమూశాడు. ఆట పావుగంట కూడా దక్కనివాడికి ఆ తర్వాతి జీవితం నిండుగా దక్కింది.

ఇక దిగిపోవడం ఎట్లా అన్న ప్రశ్న వుంది. పిచ్చరును మార్చవలసి వచ్చినప్పుడు మేనేజరు స్వయంగా నడిచి వెళ్ళి అతని చేతిలోంచి బంతి పుచ్చుకోవడం ఆచారం. ఏ పిచ్చరుకూ ఆ క్షణం రుచించదు. 2013 సెప్టెంబరు 26న న్యూయార్కు యాంకీస్ పిచ్చరు మారియానో రివేరా, పనామాలో చేపల పడవ నడిపేవాడి కొడుకు, 43 ఏళ్ళవాడు, సొంత మైదానంలో ఆఖరిసారి బంతి విసురుతున్నాడు. వేళ అయింది. మేనేజరు తాను కదలలేదు. ఆండీ పెటిట్‌నూ, డెరెక్ జీటర్‌నూ పంపించాడు. ముగ్గురూ 1995లో ఒకే జట్టులో పెద్ద లీగు చూసినవాళ్ళు. పెటిట్ కూడా ఆ ఏడాదే ఆట మానుతున్నాడు. ఇద్దరూ నడిచి వస్తూ వుంటే చూసి రివేరా ముందు నవ్వాడు. బంతి ఇచ్చేశాడు. తర్వాత పెటిట్ భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు. వేలాదిమంది చూస్తున్నారన్న సంకోచం ఏమీ లేదు. ఆ దృశ్యం ఇంటర్నెట్టులో నేను ఎన్నిమార్లు చూశానో లెక్క లేదు.

మన ఆఫీసుల్లో పదవీ విరమణ సభలు మీరూ చూసే వుంటారు. శాలువా, పూలదండ, ఒక గడియారం, "మీరు లేని లోటు తీరనిది" అన్న ఉపన్యాసాలు. మర్నాడు ఉదయానికి ఆ కుర్చీలో మరొకరు వుంటారు, తీరని లోటు తీరిపోతుంది. ఇంటికి వచ్చిన పెద్దమనిషి చేతికి కూరల సంచి ఇస్తారు.

ఎప్పుడు దిగాలో దిగేవాడి ఇష్టం, కాకుంటే సర్కారు వారి రూలు. బంతి అందుకోవడానికి ఎవరు నడిచి వెళ్ళాలన్నది మాత్రం మన చేతిలో వుంది. ఈ సంవత్సరం మీ ఇంట్లో నాన్నగారో మామగారో ఉద్యోగం చాలిస్తూ వుంటే, ఆ సాయంత్రం ఆఫీసు గుమ్మం దగ్గరికి కారు పంపించి వూరుకోకండి. మీరే వెళ్ళండి. వీలైతే ఆయనతో పాటు ఉద్యోగంలో చేరిన పాత స్నేహితుణ్ణి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి.