సుబ్బారావు గారి హెచ్-ఇండెక్స్ ఎంత?

ఈ మధ్య మన క్యాంపస్‌లో కొత్త పలకరింపు ఒకటి మొదలైంది: "పేపర్ పడిందా?" సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్టుకే ఒక పేపర్, దానికో సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్ లింక్డ్‌ఇన్‌లో. డబ్బులు కడితే వారంలో అచ్చేసే జర్నళ్లు బోలెడున్నాయి కాబట్టి పడటం పెద్ద కష్టమేం కాదు. ఆ తర్వాత సైటేషన్లు ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అని లెక్క.

ఆ లెక్కని ఒక పెద్దాయన మీద పెట్టి చూద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు. మనలో చాలామందికి ఆయనొక జీకే బిట్, అంతే. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ చేరారు.

ఆయన పేరున్న పేపర్లలో బాగా సైటేషన్లు తెచ్చుకున్నది కేన్సర్‌ది కాదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రాసినది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి అది. నీలం ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. దశాబ్దాలపాటు బయోకెమిస్ట్రీ ల్యాబులు దాన్నే వాడాయి. వాడినవాళ్లు తమ పేపర్ చివర దాని పేరు రాశారు. అట్లా వేలల్లో సైటేషన్లు.

ఇప్పుడు కేన్సర్ సంగతి. 1940లో ఆయన లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. తర్వాత అచ్చం దానిలాగే ఉండి కణాన్ని మోసం చేసే అమినాప్టెరిన్ వచ్చింది. కణం రెండు కావాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. దొంగ తాళంచెవి తాళంలో ఇరుక్కుంటే అసలుది పట్టదు కదా, అదే ఉపాయం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ మందుని బ్లడ్ కేన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చారు. 16 మందిలో 10 మందికి నయం కనిపించింది, కొద్దికాలమే అయినా. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ పేపర్ వచ్చింది. రచయితలు ఐదుగురు. సుబ్బారావు పేరు అందులో లేదు. రెండు నెలలకి, ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన పోయారు.

ఎవరో అన్యాయం చేశారని నేను అనట్లేదు. మందు ఇచ్చిన డాక్టర్లు వార్డులో చూసింది రాశారు, ల్యాబులో తయారుచేసిన కెమిస్టులు వాళ్ల పేపర్ వాళ్లు రాసుకున్నారు. కానీ లెక్క మాత్రం తప్పింది. కేన్సర్ కీమోథెరపీ తొలి అడుగుల్లో ఒకటి పడిన చోట, ఆ పని నడిపిన మనిషి ఖాతాలో సున్నా.

హెచ్-ఇండెక్స్ ఇంకా విచిత్రం. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన కొలత ఇది. కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉంటే స్కోరు 20. అంటే ఆ ఫాస్ఫరస్ పేపర్‌కి ఎన్ని వేలు వచ్చినా హెచ్‌కి అది కలిపేది ఒకటే.

మనం సీఎస్ వాళ్లం కాబట్టి ఇట్లా చూడొచ్చు. సైటేషన్ అంటే గ్రాఫ్‌లో ఒక ఎడ్జ్. గూగుల్ పేజ్‌ర్యాంక్ కూడా ఈ ఆలోచన మీద కట్టిందే. మరి గ్రాఫ్‌లో నోడ్ కానివాళ్ల సంగతి? అమినాప్టెరిన్‌కి తోబుట్టువు మెథోట్రెక్సేట్. మా నల్లగొండలో కీళ్లవాతం ఉన్న పెద్దమ్మలు వారానికోసారి మింగే చిన్న గోలీ అదే. బోదకాలు రాకుండా మా ఊర్లల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ గోలీ కూడా సుబ్బారావు బృందం నుంచి వచ్చిందే. మందుల చీటీ కింద రిఫరెన్సులు ఉండవు. గోలీ మింగినామె ఏ డేటాబేస్‌లోనూ ఎడ్జ్ కాదు.

అట్లాగని సైటేషన్లు దండగ అంటే నేను ఒప్పుకోను. 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా సైట్ అయిన నూరు పేపర్ల జాబితా వేసింది. మొదటిది 1951లో లౌరీ బృందం రాసిన ప్రోటీన్ కొలిచే పద్ధతి, మూడు లక్షలకు పైనే. వాట్సన్, క్రిక్‌ల డీఎన్ఏ పేపర్‌కి ఆ నూరులో చోటే లేదు. ఎందుకంటే పద్ధతిని ఇంకొకరు తెచ్చుకుని తమ బల్ల మీద చేసుకోవచ్చు, చేస్తే అదే జవాబు వస్తుంది. ఫాస్ఫరస్ పేపర్ బతికింది కూడా అందుకే. మనం ఆ జర్నళ్లలో వేయించే పేపర్లలో లేనిది సరిగ్గా ఇదే.

పోయినేడు సీనియర్ల పత్తి ఆకు తెగులు ప్రాజెక్టుని నా ల్యాప్‌టాప్‌లో రన్ చేద్దామని చూశా. డేటాసెట్ లింకు తెరుచుకోలేదు, ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి లేదు. పేపర్ మాత్రం పడింది, దానికి ఒక సైటేషన్ కూడా ఉంది. అది వాళ్ల రెండో పేపర్ నుంచే!

నా ప్రతిపాదన చిన్నది. రివ్యూలో పేపర్ సర్టిఫికెట్‌కి ఇచ్చే మార్కులు తీసేసి, ఆ కోడ్‌ని ఒక జూనియర్ ఎవరికీ ఫోన్ చేయకుండా గంటలో రన్ చేయగలిగితే ఇవ్వాలి. ఈ సెమిస్టర్ మా బ్యాచ్ మీదే పెట్టి చూడండి. ఎంతమందిమి నిలబడతామో నాకూ డౌటే.